వేడినీళ్ల ఊళ్లో నా కాళ్లు

బాపూ,

నువ్వు పోయి రేపటికి ఏడాది. సంవత్సరీకానికి ఇంటికి రాలేకపోతున్నాను. చౌటుప్పల్‌లో నేను పనిచేసే మందుల ఫ్యాక్టరీవాళ్లు, కొత్త మిషను పని నేర్చుకొమ్మని నన్నూ సైదులునూ జపాన్ పంపారు. ఇవాళ సెలవని కొండల మధ్య ఒక పాత ఊరికి వెళ్లాం. అక్కడ భూమిలోంచే వేడినీళ్లు వస్తాయి. మోకాళ్ల నొప్పులవాళ్లు వందల ఏళ్లుగా అక్కడికి వస్తున్నారట.

వీధి పక్కనే రాతి తొట్టి ఉంది. గట్టు మీద కూర్చుని మోకాళ్ల దాకా కాళ్లు దింపుకోవాలి. రోజంతా నేసి నువ్వు మగ్గం దిగాక, అమ్మ నీ మోకాళ్ల మీద వేడినీళ్లు పోసేది. "ఇంక జర కాగనియ్యకపోయినవా" అనేవాడివి. ఈ నీళ్లయితే నీకు సరిపోయేవి.

కాసేపటికి పక్కనున్న ముసలాయన దూరం జరిగాడు. నీళ్లు చింది ఆయన బట్టలు తడుస్తున్నాయి.

"ఏందన్నా, కాళ్లు గట్ల ఆడిస్తున్నవ్?" అన్నాడు సైదులు.

చూసుకుంటే, ఒక కాలు తర్వాత ఒకటి తొక్కుతున్నాను. చిన్నప్పుడు మగ్గం గుంటలో కూర్చోబెట్టి, కింది చెక్కలు తొక్కడం నువ్వు నేర్పినట్టే.

"తిమ్మిరెక్కినయ్‌లే" అన్నాను.

నీకు తెలియని సంగతి ఒకటుంది. నువ్వు పోయిన మూడో నెలలోనే ఆ గుంట పూడ్పించి, పైన టైల్స్ వేయించాను. బండి పెట్టుకోవడానికి. అమ్మ ఇప్పటికీ అక్కడ అడుగు పెట్టదు. గుంట ఉన్నట్టే, గోడ పట్టుకుని చుట్టూ తిరిగి పోతుంది.