సదయ్య నమ్మి చెప్పిన మాట

గోదావరిఖని.

చిరంజీవి వేదికకు నాన్న ఆశీస్సులు. మీ అమ్మ మోకాళ్లను మినహాయిస్తే ఇక్కడ అందరం క్షేమమే. నువ్వు వేళకు తింటున్నావని రాశావు, నమ్మినట్టే ఉంటాను.

మామిడికాయ తొక్కు అడిగావు, రేపటి బస్సులో వేస్తాను. నువ్వడిగిన రెండోదానికే జవాబు కష్టం. మా కంపెనీలో నేను పెట్టించిన 'మనసులో మాట' కార్యక్రమం గురించి నీ ఎంబీఏ ప్రాజెక్టుకు రాసి పంపమన్నావు. నన్ను చూసే హెచ్ఆర్ చదువుతున్నానని నలుగురికీ చెప్పుకుంటావు. అందుకే ఫోన్లో చెప్పలేక ఇలా రాస్తున్నాను.

గనిలో మట్టి తీసే మా కాంట్రాక్టు కంపెనీలో డ్రైవర్లను బండి నంబర్లతోనే పిలిచేవాళ్లు. నాకది నచ్చేది కాదు. వారానికొకరిని కూర్చోబెట్టి, చాయ్ ఇచ్చి, కష్టసుఖాలు అడగడం మొదలుపెట్టాను. చెప్పింది గది దాటదని మాట కూడా ఇచ్చాను. అయిదు వారాలు అందరూ "అంత మంచిగనే ఉన్నది సార్" అని చాయ్ తాగి వెళ్లారు. ఆరో వారం సదయ్య వచ్చాడు. పద్దెనిమిదేళ్లుగా మట్టి మోసే డంపర్ నడుపుతున్నాడు. పోయిన వానకాలం ఆయన దోస్తు రాయమల్లు గుట్ట అంచుకు బండిని రివర్స్ చేసి మట్టి పారబోస్తూ, బండితో సహా కిందపడి చనిపోయాడు.

"గప్పటిసంది రివర్స్ ఏస్తే కాలు వణుకుతది సార్. ఇంట్ల గూడ చెప్పలే. మీరు అడిగిండ్రని చెప్తున్న," అన్నాడు.

నేను పొంగిపోయాను. ఎంత మూర్ఖుణ్ణి! వేరే పని ఇప్పించవచ్చనుకుని పేరుతో సహా రిపోర్టు రాసి పైకి పంపాను. బాగుందని మెచ్చుకున్నారు. ఆ వారమే సదయ్యను డ్యూటీకి రానివ్వకుండా ఆపేశారు. భయం దాచి బండి నడిపాడని ఇంగ్లీషులో చార్జిషీటు ఇచ్చారు.

ఏ కాగితం వచ్చినా డ్రైవర్లు నాచేతే చదివించుకుంటారు. సదయ్య కూడా తెచ్చాడు.

"గీ సంగతి ఎవ్వలు చెప్పిండ్రు సార్?"

మీ అమ్మకు కూడా చెప్పనిది నీకు చెబుతున్నాను బిడ్డా. ఆ కాగితం కింద సంతకం నాదే. అంతా చదివి, అదొక్కటీ చదవలేదు. పైన ఎవరో కనిపెట్టి ఉంటారని అబద్ధమాడాను.

"మీరుండంగ నాకేం ఫికర్," అని వెళ్లిపోయాడు.

చార్జిషీటు అందుకున్నవాడు ఎంక్వయిరీలో తన తరఫున మాట్లాడటానికి ఒక మనిషిని పెట్టుకోవచ్చు. సదయ్య నా పేరు రాయించాడు. ఆ సంగతి ఎంక్వయిరీకి ముందురోజే నాకు తెలిసింది. నిజం చెప్పాలని వాళ్లింటి దాకా పోయి, గేటు దగ్గర్నుంచే తిరిగి వచ్చాను. సిగ్గు, భయం రెండూ ఉన్నాయి.

నిన్న ఎంక్వయిరీ జరిగింది. కంపెనీ తరఫున కూర్చున్నది నేను. సదయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. నన్ను చూడగానే తన పక్కనున్న కుర్చీని రుమాలుతో తుడిచాడు.

"గటు కూసున్నరేంది సార్? మీ కుర్చీ గిటున్నది."

నేను లేవలేదు బిడ్డా. రిపోర్టు తెరిచి, ఆయన మాటలే ఆయనకు చదివి వినిపించాను. సాయంత్రానికల్లా సదయ్యను పనిలోంచి తీసేశారు.

ఇట్లు,
తలెత్తుకోలేని మీ నాన్న,
వామనరావు