సందు లేని గోడ

టింబర్ యార్డు లైను,
మారికుప్పం, కె.జి.ఎఫ్.
2008 మార్చి 9, ఆదివారం

మిత్రుడు శ్రీనివాసప్పకు,

జయరాం నమస్కారాలు. మీ ఇంట్లో అందరూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ మేమూ కులాసాయే అని రాయడం మర్యాద కాబట్టి రాస్తున్నాను. నిజంగా కులాసానో కాదో చెప్పడానికే మిగతా ఉత్తరమంతా. మీ ఆవిడకు నా నమస్కారం చెప్పు. పోయినసారి ఆమె పంపిన కారప్పొడిని లైనంతా పంచుకుని తిన్నాం. బెంగళూరు నుంచి వచ్చినవాటిలో ఎవరూ వంక పెట్టనిది అదొక్కటే.

నీ ఉత్తరం అందింది. రెండుసార్లు చదివాను. మొదటిసారి కోపం వచ్చింది. నిదానంగా చదివితే తగ్గుతుందేమోనని మళ్లీ చదివాను, ఇంకా పెరిగింది.

నువ్వు రాసినదేమిటి? నువ్వు పనిచేసే ట్రస్టు మా లైనులో ఇళ్లు కొత్తగా కట్టించి ఇస్తామని ప్లాను తెచ్చిందనీ, ఆ రోజు అందరూ చప్పట్లు కొట్టి ఒప్పుకున్నారనీ, వారం తిరక్కుండా వద్దని కబురు పెట్టారనీ. మధ్యలో ఎగదోసినవాణ్ణి నేనేననీ. నెలాఖరు మీటింగులోగా ప్లానుకు ఒప్పుకుంటున్నట్టు అందరి సంతకాలూ రాకపోతే మీ ట్రస్టీలు ఆ సొమ్ము ఇంకో ఊరికి ఇచ్చేస్తారనీ. చివర్న, దానమిచ్చే ఆవుకు పళ్లు ఎంచకూడదని ఒక సామెత కూడా!

మేము పళ్లు ఎంచలేదు శ్రీనివాసూ. ఆవును కట్టెయ్యడానికి చోటు చాలదు, ఇంట్లోవాళ్లు ఇద్దరు బయటికి పొండి అన్నారు మీవాళ్లు. ఆ ఇద్దర్నీ పంపం, ఆవుకు ఇంకో గుంజ చూడండి అన్నాం. ఇది పళ్లు ఎంచడమా?

ఎగదోసిన సంగతికి జవాబు ఇప్పుడే చెప్పను. ముందు జరిగింది జరిగినట్టు రాస్తాను. నీకు తెలిసినవి కూడా రాస్తాను, ఎందుకంటే ఈ ఉత్తరాన్ని నీ ట్రస్టీలకు చదివి వినిపిస్తావని నా ఆశ.

మన లైనులో పద్నాలుగు ఇళ్లు. ఒకటే పొడుగు కప్పు, ఇంటికీ ఇంటికీ మధ్య ఒకటే గోడ. కంపెనీవాడు మనమీద ప్రేమతో అట్లా కట్టలేదు, ఇటుక మిగులుతుందని కట్టాడు. కానీ ఆ పిసినారి గోడను మనవాళ్లు దేనికి వాడుకున్నారో నువ్వు మరిచిపోయావా? లోపల గనిలో రాయి పగిలినప్పుడు, మనవాళ్లు ఎయిర్ బ్లాస్టు అనేవారే, అప్పుడు పైన మన ఇళ్లు ఊగేవి. అల్మారాలో గిన్నెలు కింద పడేవి. మగవాళ్లు షిఫ్టులో ఉండేవారు. మొదటింటి ఆడమనిషి గోడమీద పిడికిలితో గుద్దేది. రెండో ఇంటామె తిరిగి గుద్ది, అవతలి గోడను గుద్దేది. అట్లా చివరింటిదాకా పోయేది. జవాబు రాని ఇంటికి పక్కవాళ్లు పరిగెత్తేవాళ్లు. అరచేత్తో కాదురా, పిడికిలితో గుద్దాలని నీకూ నాకూ నేర్పింది మీ అమ్మే.

గని మూతపడింది. బ్లాస్టులు పోయాయి. గుద్దడం మాత్రం పోలేదు. ఇప్పుడు రాళ్లు పగిలేది భూమిలో కాదు, మనుషుల రొమ్ముల్లో. డ్రిల్లు పట్టినవాళ్ల ఊపిరితిత్తుల్లో ఆ దుమ్ము అట్లాగే ఉంది. ఎదిగిన పిల్లలంతా తెల్లవారుజామున బెంగళూరు రైలెక్కి పనులకు పోతారు, ఇంట్లో మిగిలేది దగ్గే. అందుకని వాళ్లు రైలుకు బయల్దేరకముందే మొదటింటి మారమ్మ గోడ గుద్దుతుంది. అది చివరిదాకా పోతుంది. పోయిన చలికాలంలో ఒకరోజు హనుమంతప్ప ఇంటి నుంచి జవాబు రాలేదు. ఆయనకూ నాకూ మధ్యింట్లో ఉండి రెండువైపులా గుద్దే గురువమ్మ పోయి తలుపు తోసి చూస్తే మనిషి నేలమీద ఉన్నాడు, ఊపిరి అందక నీలంగా అయిపోయాడు. ఆటోలో వేసుకుని ఆసుపత్రికి పోయాం. ఇప్పుడు ఎండలో కూర్చుని నన్ను తిడుతున్నాడు, అంటే బాగున్నాడనే.

ఇంక మీ ప్లాను. మీ ఇంజినీరు మంచివాడు, ఆ మాట ముందే చెప్పాలి. కుర్రవాడైనా పెద్దవాళ్లను పేరుపెట్టి పిలవలేదు. నులకమంచం మీద బొమ్మ పరిచి ఓపిగ్గా చెప్పాడు. ప్రతి ఇల్లూ విడిగా ఉంటుంది, ఇంటికీ ఇంటికీ మధ్య సందు ఉంటుంది, గాలీ వెలుతురూ రెండువైపులా వస్తాయి, ఒకరి గొడవ ఒకరికి వినబడదు అన్నాడు. చివరి మాట ఆయన గొప్పగా చెప్పాడు. గురువమ్మ బొమ్మ దగ్గరికి వచ్చి ఆ సందుమీద వేలు పెట్టింది.

"సామీ, ఈడ సందు వస్తే నేను గుద్దేది హనుమంతప్పకి ఎట్ల వినబడ్తాది?"

ఇప్పుడు అందరికీ ఫోన్లు ఉన్నాయి కదమ్మా, ఫోను చెయ్యొచ్చు అన్నాడాయన.

"ఫోనుకి చార్జి కావాల, కరెన్సీ ఏయించాల. నా గోడకి ఏమీ అక్కర్లే గదప్పా," అంది. అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు. నువ్వు కూడా నవ్వావు, నేను చూశాను.

తర్వాత ఆయన అసలు సంగతి చెప్పాడు, చిన్న గొంతుతో. సందులు పెడితే ఆ జాగాలో పన్నెండు ఇళ్లే పడతాయి. రెండు కుటుంబాలకు తర్వాతి విడతలో వేరేచోట చూస్తారు. ఎవరా రెండు? కాగితాలు లేనివాళ్లు. గురువమ్మ మొగుడు కాంట్రాక్టు కింద గనిలోకి దిగి చచ్చిపోయినవాడు, కంపెనీ రిజిస్టర్లో పేరు లేదు. అంజినప్ప ఇంకొకరి ఇంట్లో బాడుగకు ఉంటూ స్టేషన్ దగ్గర ఉడకేసిన పల్లీలు అమ్ముకునేవాడు. మీ కరపత్రంలో సమానత్వం అని పెద్దక్షరాల్లో ఉంది. పన్నెండు ఇళ్లకు సమానంగా గాలి, రెండు ఇళ్లకు సమానంగా వీధి. అదేనా సమానత్వం?

మరి చప్పట్లు ఎందుకు కొట్టారంటావు. ఈ మాట నువ్వు అడగాల్సింది కాదు! ఇంటికి వచ్చినవాడి మొకాన కాదనకూడదని పెరిగినవాళ్లం మనం. గని సర్కారు చేతికి వచ్చిన రోజు సభలో మీ నాన్న బచ్చప్ప ఎంత గట్టిగా చప్పట్లు కొట్టాడో గుర్తుందా? చేతులు ఎర్రబడ్డాయి. మర్నాడు లైనుకు నీళ్లు రాలేదని ఆఫీసు గేటు ముందు అడ్డంగా కూర్చున్నదీ ఆయనే. చప్పట్లు వచ్చినవాడికి, నిర్ణయం మనకి. బెంగళూరువాడు ఈ రెండింటినీ కలిపేస్తే తెలియక చేశాడనుకుంటాను. బచ్చప్ప కొడుకు కలిపేస్తే ఏమనుకోవాలి?

నిర్ణయం మీరు వచ్చి వెళ్లిన మర్నాడు కుళాయి దగ్గర జరిగింది. బిందెలు వరసలో పెట్టి ఉన్నాయి, నీళ్లు ఇంకా రాలేదు. అందరూ ఉన్నారు, చివరికి హనుమంతప్ప కూడా గోడ పట్టుకుని వచ్చాడు. వాదన మంచి వేడిమీద జరిగింది. ప్లానే కావాలని ఒకాయన గంటసేపు మాట్లాడాడు, పేరెందుకులే. గాలి అన్నాడు, వెలుతురు అన్నాడు, క్షయ అన్నాడు, బూజుపట్టిన ఆచారాలను పట్టుకుని వేలాడకూడదన్నాడు. మారమ్మ ఆయనకు అడ్డం తగిలింది.

"నీకు గాలి రాకపోతే కిటికీ తెరుసుకో నాయనా, గోడ యాల చీలుస్తావు?"

ఆయన ఆగలేదు. ఇద్దరి కోసం పన్నెండుమంది బాగుపడకుండా ఉండాలా అన్నాడు. లెక్క ప్రకారం చూస్తే ఆ మాట సరైనదే. అప్పుడు గురువమ్మ బిందె కింద పెట్టి ఆయన ఎదురుగా వచ్చి నిలబడింది. అరవలేదు.

"సరేనప్పా. నేనూ అంజినప్పా పోతాము. నువ్వు మాత్రం మా మొకం చూసి, చెయ్యి ఎత్తి, 'మీరు పొండి' అను. ఇంగ సంతకం నేనే పెడ్తా."

ఆయన చెయ్యి లేవలేదు. అంతసేపు మాట్లాడిన మనిషి నోట్లో తడి లేకుండా నిలబడ్డాడు. హనుమంతప్ప దగ్గు ఆపుకుని, వాడికి నీళ్లు ఇయ్యండమ్మా అన్నాడు. కుళాయిలో నీళ్లు రాలేదని అప్పుడు గుర్తొచ్చి అందరూ నవ్వారు. అక్కడితో తేలిపోయింది.

ఏం తేలిందో కూడా రాస్తున్నాను, ఎందుకంటే 'వద్దన్నారు' అని ఒక్క ముక్కలో నీ కాగితాల్లో రాసుకున్నావు. లైను వద్దనలేదు. గోడలు కలిసే ఉండాలంది. కప్పు ఇంకాస్త ఎత్తు లేపి, పైన గాలికీ వెలుతురుకూ కిటికీలు పెట్టమంది. వెనక ఇంటింటికీ పాయిఖానా, లైను పొడుగునా మురుగుకాలువ. పద్నాలుగు ఇళ్లకు పద్నాలుగు తలుపులు. కాగితం ఉందా లేదా అని ఎవరినీ అడగకూడదు, ఇవాళ లైనులో ఉంటున్నవాడు ఉన్నట్టే. కట్టేటప్పుడు సగం లైను మిగతా సగంలో సర్దుకుంటుంది, ఎవరు ఎవరింట్లో పడుకోవాలో కూడా మాట్లాడుకున్నారు. అంజినప్పను ఎవరూ తీసుకోరేమో, రాత్రంతా గురకపెడతాడు అన్నారు. హనుమంతప్ప తనకు పర్వాలేదన్నాడు. తన దగ్గు ముందు ఆ గురక ఎంత?

ఇది కట్టడానికి వీలవుతుందా లేదా మీ ఇంజినీరే చెప్పాలి. వీలు కాదని ఆయన చెబితే మళ్లీ కూర్చుంటాం. కానీ ఆయన్ను ఎవరూ అడగనే లేదని విన్నాను. ప్లాను మారితే డబ్బిచ్చినవాళ్లు నొచ్చుకుంటారట. నివాసుల నాయకత్వం అని మీరే కదయ్యా రాసుకున్నది! నాయకత్వమంటే మీరు గీసిన గీతమీద మేము ముందు నడవడమా? తోవ తప్పే హక్కు కూడా లేనివాడు నాయకుడెట్లా అవుతాడు? ఇచ్చే చెయ్యి పైన ఉంటుంది, పుచ్చుకునే చెయ్యి కింద ఉంటుంది, సరే. ఒకసారైనా ఆ చేతిని మా చేతి పక్కన పెట్టి చూడమని అడుగుతున్నాం.

ఇంత కోప్పడ్డాక ఒక మాట చెప్పకపోతే నాకు నిద్రపట్టదు. నువ్వు లేకపోతే ఈ లైను ఒకటుందని ఆ ట్రస్టుకు తెలిసేదే కాదు. గని వదిలేసిన సైనైడు మట్టి దిబ్బ దుమ్ము గాలికి లేచి అన్నంలో పడుతుంటే చూడటానికి వచ్చిన మొదటి ఆఫీసరువు నువ్వే. మా అందరి తరఫున అక్కడ ఎన్ని మాటలు పడి ఉంటావో ఊహించగలను. పైనవాడికి ఒక మాట, కిందవాడికి ఒక మాట చెప్పుకుంటూ మధ్యలో నిలబడటం మీ నాన్నకు చేతకాలేదు, నీకూ చేతకాదు. అది నీ మంచికే.

అందుకని అడుగుతున్నాను. మీటింగుకు ముందు ఒక శనివారం రా. ఆ ఇంజినీరు అబ్బాయిని కూడా తీసుకురా. మా ఇంట్లో పడుకోండి. తెల్లవారుజామున గోడ నీకోసం కూడా మోగుతుంది. విన్నాక నీకు ఏది న్యాయమనిపిస్తే అదే రాయి. సొమ్ము ఇంకో ఊరికి పోయినా నిన్ను తిట్టను. తిడతానేమో, కానీ ఇంటికి రావద్దని మాత్రం అనను.

రాగిముద్ద, ఉలవచారు సిద్ధం.

ఇట్లు
నీ లైనువాడు
జయరాం

తా.క. కవరు అంటించి మళ్లీ చింపాను. ఈ ఒక్క ముక్క రాయకపోతే పైన రాసినదంతా లాయరు మాటలాగా ఉంటుంది.

కుళాయి దగ్గర గంటసేపు ప్లాను తరఫున వాదించిన మనిషిని నేనే. నవ్వుకో. పుట్టినప్పటి నుంచి పక్కింటి దగ్గూ పోట్లాటా చెవిలో పెట్టుకుని చదివినవాణ్ణి, రాసినవాణ్ణి. నాదంటూ ఒక నిశ్శబ్దమైన గోడ కావాలని నాకు ఎన్నాళ్లనుంచో ఉంది. నీ ఇంజినీరు బొమ్మ పరిచినప్పుడు అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది నేనే, నావి మర్యాద చప్పట్లు కావు. ఇప్పటికీ నాకు ఆ సందు కావాలనే ఉంది. కానీ గురువమ్మ మొకం చూసి చెయ్యెత్తలేకపోయాను. ఎత్తలేనివాడికి ఆ సందు అడిగే హక్కు లేదు.

నేను ఎగదోశానని రాశావు. నేను ఆపబోయాను శ్రీనివాసూ, వాళ్లే ఆగలేదు. ఇది నీ మీటింగులో నా పేరు పెట్టి చదువు. ఈ లైనును నడిపేది ఎవరో తేల్చుకోవడానికి, ఓడిపోయినవాడి సాక్ష్యం కంటే ఇంకేం కావాలి?

ఆ రోజు నుంచి గురువమ్మ నాతో మాట్లాడటం లేదు. కుళాయి దగ్గర మొకం తిప్పుకుంటుంది. ఈ తెల్లవారుజామున కూడా నా గోడ గుద్దింది. నేను లేచి తిరిగి గుద్దేదాకా కదలకుండా అక్కడే నిలబడి ఉంది, గోడ అవతల ఆమె ఊపిరి నాకు వినబడుతూనే ఉంది.