వంతెన మీద తప్పుకునే చోటు

టెక్కలి,
12-11-2024, మంగళవారం.

పొద్దున దుప్పట్లు ఉతికాను. మినపప్పు రుబ్బాను. గ్యాస్ బుక్ చేశాను. మధ్యాహ్నం వంతెన దగ్గరికి వెళ్లొచ్చాను. చేపల కూర వండాను, తినలేదు.

ప్రియమైన ఎలీసమ్మ వదినకు వందనాలు.

నిరుడు సమాధి దగ్గర అందరి ముందూ నా భుజాలు పట్టుకుని అడిగారు: "ఏటన్నావే మా తమ్ముణ్ని? ఏటంటే ఆడు దూకీసినాడు?" నేను జవాబు చెప్పలేదు. తర్వాత మీరు మా గడప తొక్కలేదు. నాకు అప్పుడూ ఏడుపు రాలేదు, ఇప్పుడూ రావడం లేదు. ఆయన పోయిన రోజు సాయంత్రం, బయల్దేరుతుంటే ఆయనతో "వచ్చేటప్పుడు కరివేపాకు తెండి" అన్నాను. సరే అన్నారు. అంతే. ఆ మాటలో తప్పేముందో ఏడాదిగా వెతుకుతున్నాను.

చిన్న రైలు ఆగిపోయాక ఆ వంతెనను సైకిళ్ల దారి చేశారు కదా. రైలొస్తే మీ తమ్ముడిలాంటి గ్యాంగ్‌మన్లు తప్పుకుని నిలబడడానికి పక్కన ఇనప అరుగులుండేవి. తుప్పు పట్టాయని వాటిని కోసేశారు. అరుగు పోయిన చోటల్లా కంచె వేయకుండా ఖాళీ వదిలేశారు. ఇన్నాళ్లకు అవి మూస్తున్నారని విని, ఆయన పడిన చోటు చూద్దామని వెళ్లాను.

అక్కడ చేపలమ్మే దాలమ్మ మోపెడ్ ఆపుకుని నిలబడి ఉంది. నన్ను చూడగానే కొంగు నోట్లో కుక్కుకుంది.

"అమ్మా, ఆ దినం ఎనకనుంచి హారన్ కొట్టింది నానే. బాబు ఎనక్కి తిరిగైనా సూడనేదు. పో, పో అన్నట్టు సెయ్యూపి పక్కకి తప్పుకున్నాడు. ఆడ అరుగు నేదు."

"ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదే?"

"సైకిళ్ల దారిలో బండి తోలినానని కేసెడతారని బయిమేసింది తల్లీ."

ఆ రోజు చీకటి పడే వేళ. వెనక మోత వినగానే ఆయన కాలు పాత అలవాటు చొప్పున అరుగు కోసం వెళ్లింది. మీ తమ్ముడు దూకలేదు వదినా. దారిచ్చారు.

పనివాళ్లు ఆ ఖాళీకి కమ్మీలు బిగించి వెళ్లిపోయారు. రెండు చేతులతో పట్టి లాగి చూశాను. కదల్లేదు. దాలమ్మ చేపలు చేతిలో పెడితే వద్దనలేకపోయాను. కరివేపాకు వేసే వండాను.

ఆదివారం ఆయన జ్ఞాపకార్థ కూడిక. మీరు వస్తే ముందు వరసలో నా పక్కన కూర్చోండి.

మీకు నేను బాకీ పడ్డ జవాబు ఈ ఉత్తరంతో చెల్లు.

ప్రిస్కిల్లా