శుక్రవారం ఆగిపోయే కారు

ఫిల్మ్ నగర్,
ఆదివారం.

పూజ్యులైన అన్నయ్యకు, వదినకు చెల్లెలు రాజ్యలక్ష్మి నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ నేను, పిల్లలు బాగున్నాం. మీ మోకాళ్ళ నొప్పి ఎలా ఉంది? వదిన కంటి ఆపరేషను తరువాత చుక్కల మందు వేళకి వేస్తున్నారా? వేస్తున్నాం అని ఒక్క ముక్క రాస్తే చాలదు, రోజుకి ఎన్నిసార్లో రాయండి.

మీ ఉత్తరం అందింది. "కొడుకు పంచన ఉన్నదానివి, కార్ల గొడవ నీకెందుకు, కృష్ణా రామా అనుకుంటూ కూర్చో" అన్నారు. మావాడు ప్రభాకరం మీకు ఎస్టీడీ చేసి చెప్పుకున్నట్టున్నాడు. వాడు చెప్పింది సగం. మిగతా సగం నేను రాస్తాను. చదివాక కూడా నేను కూర్చోవలసిందేనని తోస్తే అలాగే అనుకోండి.

వాడు సినిమా కంపెనీలకు కార్లు అద్దెకిస్తాడని మీకు తెలుసు. పాత అంబాసిడర్ అమ్మేసి ఈ ఏడాది కొత్త రకం బండి కొన్నాడు. ఇంజిన్‌కి ఎప్పుడు ఎంత పెట్రోలు అందాలో ఇందులో ఒక కంప్యూటర్ పెట్టె చూసుకుంటుంది. దానికి కబురు చెప్పడానికి అక్కడక్కడా సెన్సార్లు, వాటినుంచి జడల్లా వైర్లు. ముప్పై ఒక్క ఏళ్ళు ఆడపిల్లల హైస్కూల్లో ఫిజికల్ సైన్సు చెప్పినదాన్ని, బానెట్ ఎత్తితే చూడకుండా ఉండలేను.

కొన్ని నెలలుగా ఆ బండి నడుస్తూ నడుస్తూ ఆగిపోయేది. ఇరవై నిమిషాలు వదిలేస్తే ఏమీ ఎరగనట్టు మళ్ళీ స్టార్టయ్యేది. ఒకసారి మేకప్ వేసుకున్న ఆర్టిస్టు ఎండలో స్టూడియో గేటు దాకా నడిచింది. వర్క్‌షాపుకి సోమవారం తీసుకెళ్ళేవారు. సోమవారం దానికి ఏ జబ్బూ ఉండేది కాదు. రెండుసార్లు చూసి, పెట్రోలు కల్తీ అయుంటుంది అన్నారు.

ఆ మాట మల్లేశం మెడకు చుట్టుకుంది. మల్లేశం మా డ్రైవరు, మోతీనగర్ నుంచి వస్తాడు. ప్రతి శుక్రవారం పొద్దున పెట్రోలు పోయించేది అతనే. పెట్రోలు అమ్ముకుని కిరసనాయిలు కలుపుతున్నాడని ప్రభాకరం తేల్చేశాడు. తేల్చి ఊరుకోక, బండి తీసుకునే ప్రొడక్షన్ మేనేజరుకీ చెప్పాడు. ఇక్కడ ఒక ఆఫీసులో అన్న మాట సాయంత్రానికి పది ఆఫీసుల్లో ఉంటుంది. వేరే మనిషి దొరకాలి కనుక, మల్లేశానికి వచ్చే నెలాఖరు దాకా గడువిచ్చాడు.

మల్లేశం వంటింటి గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

"కొలువు పోతే ఇంకోటి దొరుకుతది పెద్దమ్మా. దొంగ అన్నంక నన్నెవడు పెట్టుకుంటడు? ఒక్క చుక్క తియ్యలే నేను."

"తీయలేదంటే సరిపోదు. ఆగినప్పుడల్లా ఏ రోజు, ఎన్ని గంటలకి, ఎక్కడ, ఏసీ వేసి ఉందా లేదా, నాకు చెప్పు."

"గవన్నీ ఎవలకు యాదుంటయమ్మా?"

"ఇకనుంచి ఉంచుకో."

పాత డైరీలో గళ్ళు గీసి రాశాను. మూడు వారాల్లో ఐదుసార్లు ఆగింది. ఎండకీ, ఏసీకీ, ఈ కొండదారుల ఎత్తుకీ ఏమీ సంబంధం లేదు. ఐదూ శుక్రవారమో శనివారమో. ప్రభాకరానికి చూపిస్తే నవ్వాడు. "అదేగా నేను మొత్తుకునేది. వాడు పెట్రోలు పోయించేది శుక్రవారమేగా."

నిజమే. కానీ శుక్రవారం ఆ బండికి జరిగేది ఇంకొకటి ఉంది, అది చేసేది నేను. పనిచేసేది ఇంజిన్ అయితే నంబరు ప్లేటుకి పూజేమిటని, బానెట్ ఎత్తించి ఇంజిన్‌కే పసుపు కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొడతాను. ఆ నీళ్ళు నలుగురి కాళ్ళకింద పడకూడదని ఇంజిన్ మీదే పోస్తాను. ఇక్కడికి వచ్చిన కొత్తలో అంబాసిడర్‌కీ అలాగే చేశాను, దానికేమీ కాలేదు.

రెండు అనుమానాలు ఒకే రోజున పడ్డప్పుడు విడదీసి చూడాలి. మొదటి శుక్రవారం పెట్రోలు మల్లేశాన్నే పోయించుకు రమ్మన్నాను, పూజ పూలతో సరిపెట్టాను. ఆగలేదు, శనివారమూ ఆగలేదు. రెండో శుక్రవారం నేనే బంకుకి వెళ్ళి ఎదురుగా నిలబడి పోయించాను. ఇంటికొచ్చి ఎప్పటిలా నీళ్ళు పోసి, ముందు సీట్లో కూర్చున్నాను. జూబ్లీ హిల్స్ చెక్‌పోస్టు ఇంకాస్త దూరం ఉందనగా ఆగిపోయింది.

ఆటో ఎక్కి యూసుఫ్‌గూడలో కార్ల ఎలక్ట్రీషియన్ ఖాదర్‌ని వెంటబెట్టుకొచ్చాను. ఇంజిన్ తిరుగుతోందని పెట్టెకు చెప్పే సెన్సార్ ప్లగ్గు ఊడదీశాడు. లోపల పచ్చటి తుప్పు, మధ్యలో పసుపు ముద్ద, తడి. ఒక పిన్నుకీ పక్క పిన్నుకీ మధ్య కరెంటుకి దారి ఉండకూడదు. మీటరు ముల్లు లేచి నిలబడింది.

"పెట్టెకు కబురు అందకపోతే పెట్రోలు ఆపేస్తదమ్మగారూ. నీళ్ళు ఆరినంక మళ్ళ మంచిగుంటది. సోమవారం చూస్తే ఏం దొరుకుతది?"

తుడిచి, ఆరబెట్టి, ప్లగ్గు మార్చాడు. మళ్ళీ ఆగలేదు.

ఆ సాయంత్రం ప్రభాకరం నెత్తి పట్టుకున్నాడు. "సరేనమ్మా, మల్లేశాన్ని ఉండమంటాను. విషయం మాత్రం బయటికి రానివ్వకు. పూజ చేసినందుకు బండి ఆగిందంటే సినిమావాళ్ళు దాని మొహం చూడరు. మల్లేశాన్ని క్షమించి పెట్టుకున్నామందాం."

"చేయని దొంగతనానికి క్షమాపణేమిట్రా?"

ఆ మేనేజరు దగ్గరికి వెళ్ళి నిజం చెప్పి రమ్మంటే వాడు వెళ్ళనన్నాడు. మర్నాడు నేనే మల్లేశాన్ని తీసుకుని, అదే బండిలో శ్రీనగర్ కాలనీలో ఆ మేనేజరు ఆఫీసుకి వెళ్ళాను. గదిలో నలుగురున్నారు. బయటికి రండి, మాట్లాడుకుందాం అన్నాడాయన. దొంగ అని నలుగురి ముందూ అన్నారు కనుక ఇదీ నలుగురి ముందే వినమన్నాను. డైరీ తెరిచి మొదటి వారం నుంచి చదివాను. కిరసనాయిలు లేదు, దొంగ లేడు, నీళ్ళు పోసింది నేను, అని ముగించాను.

ఆయన డైరీ అందుకుని చూసి తిరిగిచ్చాడు. "మీరు పెద్దవారు, ఏమీ అనలేను. ఆ బండి మాత్రం కొన్నాళ్ళు పంపకండమ్మా. హీరోగారికి పట్టింపులెక్కువ." తరువాత మల్లేశం వైపు తిరిగాడు. "నువ్వు సోమవారం నుంచి మా దగ్గరికి రా. పొద్దున ఆరుకల్లా ఉండాలి."

మల్లేశం నా మొహం చూశాడు. వెళ్ళమన్నాను.

మీకు ఫోన్లో వచ్చిన సగం ఇదే: అమ్మవల్ల బండికి బేరం పోయింది, డ్రైవరూ పోయాడు. రెండూ నిజమే. వాడు నాతో మాట్లాడి తొమ్మిది రోజులైంది. మాట్లాడకపోతే మానె, అన్నం మాత్రం వేళకి పెడుతున్నాను. వాడికి లైసెన్సుంది, డ్రైవరు దొరికేదాకా తనే నడుపుకోవచ్చు. నా బెంగ పెట్టుకోకండి. వచ్చి పద్నాలుగు నెలలైనా పక్కింటివాళ్ళ పేరు తెలియని మాట నిజం, ఇక్కడి చింతపండుకి పులుపు లేని మాటా నిజం. అయినా బాగానే ఉన్నాను, తిరిగి రమ్మని మాత్రం రాయకండి. ఎవరైనా ఇటు వస్తుంటే రెండు కేజీలు పాత చింతపండు పంపండి.

సూరమ్మత్తయ్యకు నా పాదాభివందనాలు. పిల్లలకు ఆశీస్సులు. మీ ఇద్దరి దీవెన నాకు కావాలి. ఆరోగ్యంగా ఉండమని దీవించండి, బుద్ధి మార్చుకోమని మాత్రం దీవించకండి.

మీ చెల్లెలు,
రాజ్యలక్ష్మి