కొంగ కాలి దారం

సాయిశంకర్ బావకు,

ఫోన్ చేస్తే నోరు జారతానని రాస్తున్నాను. హార్బరులో తీసిన కొంగ ఫోటో పంపి, కాలికి చుట్టుకున్న నైలాను దారాన్ని కంప్యూటరులో చెరిపేయమన్నావు. అది ఉంటే పోటీలో బహుమతి రాదట! నిలబడి పైనుంచి తీశావు కాబట్టి నీకది మరకలా కనబడింది. ప్యాంటు మాసినా సరేనని ఇసుకలో పడుకుని, దాని కంటికి సమానంగా చూసుంటే వాచిన కాలు కనబడేది. అంత మంచి లెన్సు నీ చేతిలో దండగ.

నిన్న పొద్దున్న నేనే వెళ్లాను. అక్కడ చేపలు ఎండబెడుతున్న పోతమ్మని సాయం అడిగాను.

“కుంటతన్న కొంగేనా? ముక్కు నాను పట్టుకుంటాను. దారం నువ్ కొయ్యి బాబూ,” అంది.

తువ్వాలు కప్పి పట్టుకునేలోపే కొంగ నా చేతిని రెండుసార్లు పొడిచింది. దారం కోసి వదిలాక, బురదలో కాసేపు తడబడి ఎగిరిపోయింది. పోతమ్మ చప్పట్లు కొట్టింది.

నీ ఫోటోలో వెలుగు సరిచేశాను. దారం ముట్టుకోలేదు. ఇలాగే పంపే ధైర్యముంటే పంపుకో. లేదంటే, దాన్ని చెరిపే ముందు ఈ ఉత్తరం అక్కకు చదివి వినిపించు.

నీ బావమరిది