గేరుబాక్సుకు అక్షింతలు

అన్నం, చేపల పులుసు పొయ్యి గట్టు మీద మూతపెట్టి ఉంచాను. కారు తీసేముందు దాని కింద నేను పరిచిన అట్ట చూడండి. గేరుబాక్సు ఆయిల్ రాత్రంతా పాత చోటే కారి మరక కట్టింది. పోయిన వారం బాగుచేయించానన్నారు కదా. ఈరోజైనా నిజంగా షెడ్డుకు తీసుకెళ్ళి సీలు మార్పించండి. ఆయిల్ లేకుండా నడిపితే గేర్లు అరిగిపోతాయి.

"గేరుబాక్సు దింపీసినారు, మీ నాన్నని ఆటోలో తీస్కెళ్లు" అన్నారు ఆరోజు. నిన్న కారు తుడుస్తుంటే వెనక సీటు కింద అక్షింతలు దొరికాయి. షెడ్డులో గేరుబాక్సుకు గానీ పెళ్ళి చేశారా? ఆరోజే జరిగిన మీ స్నేహితుడు ఢిల్లీరావు చెల్లెలి పెళ్ళికి కారు ఇస్తున్నానని నాతో ఒక్కమాట అనుంటే, నాన్నకు వేరే కారు మాట్లాడేదాన్ని.

ఆరోజు డయాలసిస్ అయ్యాక, ఆటో కుదుపులకు నా భుజం పట్టుకుని కూర్చుని కూడా నాన్న మీ గురించే బాధపడ్డారు. "అల్లుడికి బండి లేక ఎంత యాతనో పాపం. నాకేటమ్మా, ఇలాగే ఎలిపోతాను."

ఇవాళ కూడా డయాలసిస్‌కు ఆటోలోనే పలాస వెళ్తున్నాం.

ప్రమోదిని

ఇంకొకటి. నాన్నకు నేనేమీ చెప్పలేదు. సాయంత్రం రాగానే "బండి బాగైందేటి బాబూ?" అని మిమ్మల్నే అడుగుతారు. ఆయన ముఖం చూసి జవాబు చెప్పండి.