రెండో చెరువు మేత

జూన్ 3
రెండో చెరువుకి పొద్దుటి మేత రెండుసార్లు వేయించాను. మేత వేసే పెంచలయ్య బస్తా విప్పుతూనే అన్నాడు — "వేసేసినాం గదా సార్. రొయ్యలకేమన్నా పెళ్ళిభోజనమా?" వేయలేదన్నాను. గట్టిగా.
రెండు గంటలాగి, రొయ్యలు తిన్నాయో లేదో చూసే ట్రే పైకి లాగితే మేత అలాగే ఉంది. మేత పుస్తకంలో ఆరున్నరకే వేసినట్టు... నా చేతిరాతే. మిగిలింది కుళ్ళితే చెరువంతా పోతుంది.

జూన్ 4
ఓనరుకి తెలిసింది. "చదువుకున్నోడివని నీ మీద వదిలేసినా శీనయ్యా. ఈ మరుపేందో చూపించుకొని డాక్టరు కాగితం తెచ్చియ్యి, అప్పుడు దిగు పనిలోకి."
నా హెచ్‌ఐవీ సంగతి ఆయనకి తెలియదు. ఊళ్ళో తెలిసింది నా భార్య జ్యోతి ఒక్కదానికే. ఆమె పోయి నాలుగు నెలలు.

జూన్ 6
నెల్లూరు. డాక్టరమ్మ ఐదు మాటలు చెప్పి, కాసేపాగి అడిగింది. నాలుగే వచ్చాయి. వందలోంచి ఏడేసి తీసేయమంది. డెబ్బై తొమ్మిది దగ్గర ఆగిపోయాను. బీఎస్సీ చదివినవాణ్ణి! ఒళ్ళు మండింది.
"రక్తంలో వైరస్ కనబడటం లేదు. అయినా కొందరికి మెదడు మీద పని చేస్తుంది. దిగులుతోనూ మరుపు వస్తుంది. మీకెప్పట్నుంచి?"
మా ఆవిడ పోయినప్పట్నుంచి అన్నాను.
"అంతకుముందే ఉంటే చెప్పండి. స్కాన్ తీసి, మందు మార్చి చూడాలి. అందాకా పని వద్దు."
లేదన్నాను.
దిగులేననుకుని, పనికి తగినవాణ్ణనే రాసిచ్చింది. జబ్బు పేరు రాయలేదు.

జూన్ 7
ఓనరు ఊళ్ళో లేడు. కాగితం జేబులోనే.
గ్యాస్ బుక్ చేయాలంటే జ్యోతి నంబరే కావాలి. ఆమె ఫోను ఛార్జింగ్‌కి పెట్టాను.

జూన్ 8
ఉదయం ఆరూ నలభై ఐదు. ఆమె ఫోనులో అలారం. తెర మీద — 'రెండో చెరువు మేత, అడగాలి.'
లోపల ఇంకా ఉన్నాయి. మాత్ర. మోటారు. మధ్యాహ్నం మేత. మొత్తం ఏడు అలారాలు.
రోజూ ఫోన్ చేసేది. "ఏమండీ, రెండో చెరువుకి వేసినారా?" విసుక్కునేవాణ్ణి — నువ్వేమన్నా సూపర్‌వైజరువా? "అవును, జీతం లేని సూపర్‌వైజర్ని."
ఊసుపోక చేస్తోందనుకున్నాను.
నా మరుపు ఆమెకి అప్పుడే తెలుసు. నాకే చెప్పలేదు. ఎందుకు చెప్పలేదు?
సాయంత్రం ఓనరు ఫోను. "కాగితం ఉందిగా? రేపు వచ్చేయి." ఉందన్నాను.

జూన్ 9
ఇందుకూరుపేట సెంటర్. చెరువుల వైపు ఆటో ఉంది. నెల్లూరు బస్సూ ఉంది. జేబులో కాగితం, చేతిలో ఆమె ఫోను.
ఆరూ నలభై ఐదు. మోగుతోంది. ఆపలేదు. బెంచీ మీద పక్కనున్న ముసలామె నా మోచేయి తట్టింది.
"ఎత్తు నాయనా. ఎవురో పిలస్తా ఉండారు."